జూన్ 16న సినిమాలు వేయబోతున్న చిన్నికి

చిన్నీ,

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో నువ్వూ నీ స్నేహితులూ కలిసి బడిపిల్లలు, కాలేజీ పిల్లలు తీసిన సినిమాలతో ఒకరోజు ఫెస్టివల్ పెడుతున్నారని, అదీ జూన్ 16న అని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఆ తేదీకి ఒక బరువుంది. తెల్ల పాలకుల భాష ఆఫ్రికాన్స్‌ను బడుల్లో బోధనా భాషగా తమ మీద రుద్దడాన్ని ఎదిరిస్తూ 1976లో అదే రోజున, జోహానెస్‌బర్గ్ పక్కనున్న నల్లవాళ్ల పేట సోవెటోలో పిల్లలు వీధుల్లోకి వచ్చారు, పోలీసులు కాల్చారు. అందుకే అక్కడ అది యువజన దినం. ఆ రోజు మైకు పిల్లల చేతిలోనే ఉండాలి. కౌన్సిలర్, స్పాన్సర్లు వస్తామంటే సంతోషంగా రమ్మను, ముందు వరుసలో కూర్చోబెట్టు. ఉపన్యాసాలు మాత్రం పెట్టకు.

వచ్చిన సినిమాలన్నీ వేయాలని నీకు ఆశగా ఉంటుంది. పన్నెండు చాలమ్మా. ఒక్కోటి పది నిమిషాలు, అది అయ్యాక ఇంకో పది నిమిషాలు మాటలు. అంటే నాలుగు గంటలు. పదింటికి మొదలుపెడితే భోజనంతో కలిపి మూడున్నరకల్లా ముగుస్తుంది. జూన్‌లో డర్బన్‌లో ఐదు దాటగానే చీకటి పడుతుంది. సెలవు రోజు సాయంత్రం మినీబస్ టాక్సీలు పలచబడతాయి. ఊరి చివరి ఉమ్లాజీ పేట నుంచి వచ్చిన ఆడపిల్ల వెలుతురుండగానే ఇల్లు చేరాలి. మిగిలిన సినిమాలు వరండాలో ఒక టీవీలో ఆడించు. ఎంపిక కానివాళ్లకు మెసేజ్ పెట్టి ఊరుకోకు, ఫోన్ చేసి చెప్పు.

నిజానికి ఆ రోజు ప్రాణమంతా సినిమా తర్వాతి పది నిమిషాల్లోనే ఉంటుంది. పెద్దవాళ్లు లేచి ‘ఇందులో సందేశం ఏమిటి?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు పిల్లల నోళ్లు మూతపడతాయి. మొదటి ప్రశ్న ఎప్పుడూ పిల్లలకే ఇవ్వు. ఈ షాట్ ఎక్కడ తీశావు, ఇంట్లో ఎవరు వద్దన్నారు, ఆ ముసలాయన నటించడానికి ఎలా ఒప్పుకున్నాడు, ఇలాంటివి వాళ్లే అడుగుతారు. అక్కడి నల్లవాళ్ల భాష జులూలో అడిగితే జులూలోనే జవాబు రానీ. పక్కన ఒకరు ఇంగ్లీషులో చెబితే సరిపోతుంది.

షోల వరుస మీద బాగా ఆలోచించు. వర్ణవివక్ష రోజుల్లో చాట్స్‌వర్త్, ఫీనిక్స్ భారతీయులకు, ఉమ్లాజీ, క్వామషు నల్లవాళ్లకు అని ఊరిని విడగొట్టారు. చట్టం పోయినా చాలావరకు ఎవరి పేట వాళ్లదే. 2021 జూలై అల్లర్లలో ఫీనిక్స్‌లో పోయిన ప్రాణాల గాయం ఇంకా పచ్చిగానే ఉంది. పిల్లలు ఏ బడివాళ్లు ఆ బడివాళ్లతోనే కూర్చుంటారు. అందుకని ఫీనిక్స్ పిల్లల సినిమా వెంటనే క్వామషు పిల్లలది వెయ్యి, ఆ రెండు జట్లనూ కలిపి వేదిక మీదికి పిలువు. ఎవరి గొడవ వాళ్లు చెప్పుకుంటూనే ఒకరి కెమెరా పనిని ఇంకొకరు మెచ్చుకోవడం నేను చూశాను. దీనికోసం ఎంత శ్రమ పడినా తక్కువే.

మన సెన్సార్ బోర్డులాంటి ఫిల్మ్ అండ్ పబ్లికేషన్ బోర్డుకు, సినిమాలకు సర్టిఫికెట్ అక్కర్లేకుండా మినహాయింపు కోరుతూ దరఖాస్తు ఇప్పుడే పంపు. పిల్లల సినిమాలే కదా అనుకోకు. 2013లో డర్బన్ అంతర్జాతీయ ఫెస్టివల్ ప్రారంభ చిత్రాన్నే బోర్డు ఆపేసింది, తర్వాత అప్పీలులో అనుమతి వచ్చింది. ఇంకోటి, పాటలు. కుర్రాళ్లు హిట్ పాటలు పెట్టేస్తారు, హక్కులు ఉండవు. గ్కోమ్ అనే డాన్స్ సంగీతం పుట్టిందే డర్బన్ టౌన్‌షిప్పుల్లో, అంటే ఆ నల్లవాళ్ల పేటల్లో. వాళ్ల పేటలోనే బీట్లు కట్టే స్నేహితుడు ఎవడో ఒకడు ఉంటాడు, వాణ్ణి అడగమను.

ముందురోజే ప్రతి సినిమానూ ఆ హాల్లో, ఆ ప్రొజెక్టర్ మీద ఆడించి చూడు. ఫోన్‌తో తీసినవాటిలో బొమ్మ బాగానే ఉంటుంది, మాటలే వినిపించవు. లోడ్‌షెడ్డింగ్ తగ్గిందన్నా జనరేటర్ మాట్లాడి పెట్టుకో. టెన్షన్ సగం పోతుంది.

భోజనానికి బీన్స్ బన్నీ చెప్పు, అదే, రొట్టె లోపల తొలిచి బీన్స్ కూర నింపేది. శాకాహారులు, హలాల్ తినేవాళ్లు, అందరికీ సరిపోతుంది. హాలు బయటే తినమను, పులుసు కుర్చీల మీద కారితే అద్దె డిపాజిట్ వెనక్కి రాదు. వడ్డించడానికి మనుషులు కావాలంటే ఆంధ్ర మహాసభ పెద్దలను అడుగు. 1931 నుంచి ఉన్న సంస్థ, అక్కడి తెలుగువాళ్లు ఆదరంగా వస్తారు.

బహుమతిగా కప్పులు కొనకు. ఆ డబ్బుతో జూలైలో జరిగే ఆ డర్బన్ అంతర్జాతీయ ఫెస్టివల్‌కు పిల్లలను తీసుకెళ్లు, టిక్కెట్టూ టాక్సీ ఖర్చూ నువ్వే పెట్టు.

హాలు ఖాయం కాగానే రాయి. ప్రొజెక్టర్ అద్దెకిచ్చేవాళ్లలో నాకు తెలిసినవాళ్లున్నారు, నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ