కారు ఎక్కడ కారుతోంది?

పాత కార్ల కింద కనిపించే తడి గురించి ఈ నెల మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడింటినీ ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మాది విజయనగరం. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. 2006లో కొన్న మారుతి 800 ఇప్పటికీ వాడుతున్నాను. నాలుగు నెలలుగా ఉదయం కారు బయటికి తీయగానే పోర్టికో గచ్చు మీద అరచేయంత నల్లటి మచ్చ కనిపిస్తోంది. మెకానిక్కుకు చూపిస్తే చాంబర్ (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ప్యాకింగ్ పోయిందని చెప్పి కొత్తది వేశాడు. నెల తిరగకుండానే మచ్చ మళ్లీ మొదలైంది. రెండోసారి మార్పించినా అదే తంతు. అసలు ఎక్కడి నుంచి కారుతోందో ఇంటి దగ్గరే తెలుసుకునే మార్గం ఉందా?

జవాబు: ఉంది. దానికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు గానీ, రెండు మూడు రోజుల ఓపిక కావాలి. పెంకుటింట్లో పెరిగినవారికి ఈ సంగతి చెప్పడం తేలిక. వానాకాలంలో పెంకు పగిలింది ఒకచోటైతే, నీరు వాసం వెంట జారి ఇంకెక్కడో మంచం మీద చుక్కలుగా పడుతుంది. ఆ చుక్క పడేచోటికి నేరుగా పైనున్న పెంకును ఎన్నిసార్లు మార్చినా ఇల్లు కారడం మానదు. మీ కారు విషయంలోనూ అదే జరిగి ఉండవచ్చు. ఇంజనుకు అన్నిటికంటే అడుగున ఉండేది చాంబర్ కనుక, పైన ఏ ప్యాకింగు నుంచి, ఏ సీలు నుంచి ఆయిల్ దిగినా చివరికి దాని అంచుకే చేరి, అక్కడి నుంచే చుక్కగా రాలుతుంది. పైగా బండి నడిచేటప్పుడు ముందు నుంచి వీచే గాలి ఆ ఆయిల్‌ను వెనక్కి నెట్టి, పొడిగా ఉన్న భాగాలకు కూడా పులుముతుంది. అందువల్ల తడిసిన భాగాలలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందువైపు ఉన్నదేదో కనిపెట్టడమే మీరు చేయవలసిన పని.

దానికంటే ముందు ఆ మచ్చ ఏ ద్రవానిదో తేల్చుకోవాలి. ఈ విషయంలో మీ కారు మీకు కొంత శ్రమ తగ్గిస్తుంది. మారుతి 800లో క్లచ్ పనిచేసేది కేబుల్ మీద. స్టీరింగుకు ఆయిల్ పంపు లేదు. కాబట్టి ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, ఇంజనును చల్లబరిచే కూలెంట్, బ్రేక్ ఆయిల్, పెట్రోలు, అద్దాలు కడిగే నీళ్లు, ఏసీ ఉంటే దాని నీళ్లు, ఇవి తప్ప అనుమానించవలసినవి పెద్దగా లేవు. పలాస జీడిపప్పు వచ్చే అట్టపెట్టెలాంటిది ఒకటి విప్పి ఇంజను కింద పరచి, దాని మీద తెల్ల కాగితాలు అంటించి రాత్రంతా ఉంచండి. అట్ట ఒక్కటే అయితే దాని గోధుమ రంగులో ద్రవం రంగు కలిసిపోతుంది. ముందు చక్రాలు ఆగిన చోట నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి, అట్ట మీద కారు ముందువైపు ఏదో, డ్రైవరు వైపు ఏదో రాసిపెట్టుకోండి. తెల్లారి అట్ట బయటికి లాగిన తరువాత కూడా చుక్క ఏ భాగం కింద పడిందో చెప్పగలగాలి కదా. గచ్చు వాలుగా ఉంటే చుక్క పడే చోటు కూడా కాస్త మారుతుంది కనుక, వీలైనంత చదునుగా ఉన్న చోటే కారు నిలపండి.

వాడిన ఇంజన్ ఆయిల్ నల్లగానో ముదురు గోధుమ రంగులోనో ఉండి వేళ్ల మధ్య జిడ్డుగా జారుతుంది. గేర్ ఆయిల్ అంతకంటే చిక్కగా ఉండి, గంధకం కలిసినట్టు ముక్కుకు ఘాటుగా తగులుతుంది; ఒకసారి వాసన చూసినవారు మళ్లీ పొరబడరు. కూలెంట్ ఆకుపచ్చగానో ఎర్రగానో నీలంగానో ఉండి తియ్యటి వాసన వేస్తుంది. బ్రేక్ ఆయిల్ లేత పసుపులో పలుచగా ఉంటుంది, పాతబడితే గోధుమ రంగుకు తిరుగుతుంది. అనుమానం తీరకపోతే ఆ ద్రవం చుక్కను పారేసే ప్లాస్టిక్ డబ్బాలోని నీళ్లలో వేసి చూడండి. ఇంజన్ ఆయిలో, గేర్ ఆయిలో అయితే పైన తేలి పొరగా పరచుకుంటుంది. కూలెంట్, బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతాయి. పేరులో ఆయిల్ ఉన్నా బ్రేక్ ఆయిల్ నూనె కాదు. రుచి మాత్రం ఎప్పుడూ చూడకూడదు. పాతకాలం మెకానిక్కులు కొందరు అలా చేసేవారు గానీ, అది అనుకరించదగిన అలవాటు కాదు.

పెట్రోలు వాసన వస్తే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు. ఇంజను స్టార్టు చేయకుండా కారును బయటికి తోసి, మెకానిక్కును ఇంటికే పిలిపించండి. మీ కారు వయసుకు పెట్రోలు రబ్బరు గొట్టాలు బిరుసెక్కి పగుళ్లు వచ్చి ఉండవచ్చు. బంకులలో 2023 నుంచి వస్తున్న 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలును దృష్టిలో పెట్టుకుని తయారు చేసిన గొట్టాలు కావవి.

మీ ఉత్తరాన్ని బట్టి అది ఇంజన్ ఆయిలే అనిపిస్తోంది. అలాగని తేలితే తరువాతి పని కడగడం. నాలుగు నెలల జిడ్డు, దుమ్ము అట్టకట్టిన ఇంజను మీద కొత్తగా కారే చోటు ఎవరికీ కనిపించదు. మీ మెకానిక్కు తప్పు చేసి ఉంటే ఈ అడుగు దాటవేయడంలోనే చేసి ఉంటాడు. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత, వైర్ల జాయింట్లకు, ఆల్టర్నేటరుకు పాలిథిన్ సంచులు కట్టి, జిడ్డు వదిలించే ద్రావణంతో బ్రష్షు పెట్టి రుద్ది, తక్కువ ధార నీటితో కడిగి ఆరబెట్టండి. కిరోసిన్‌తో కడిగే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. వేడి ఇంజను మీద అది మంట పెట్టుకోవడంతో సమానం కనుక నేను చెప్పను. ఆరిన తరువాత అనుమానం ఉన్న జాయింట్ల చుట్టూ మామూలు టాల్కం పౌడరు పలుచగా చల్లి, నెల్లిమర్ల దాకా వెళ్లి రండి. తిరిగి వచ్చి ఇంజను చల్లారిన తరువాత బానెట్ ఎత్తి టార్చి వేసి చూస్తే, తెల్లటి పౌడరు మీద ఆయిల్ నడిచిన దారి సన్నటి గోధుమ గీతలా కనిపిస్తుంది. ఆ గీతను కింది నుంచి పైకి వెతుక్కుంటూ వెళ్లి అది ఎక్కడ మొదలైందో చూడాలి. మొదటి రోజు ఏమీ కనిపించకపోతే నిరాశ పడకుండా మరో రెండు రోజులు బండి నడిపి మళ్లీ చూడండి.

నేనైతే మొదట ట్యాపెట్ కవర్ అంచు చూస్తాను. ఇంజనుకు పైమూతలా ఉండే ఆ కవరు కింది ప్యాకింగు వేడికి ఏళ్ల తరబడి కాగి గట్టిపడుతుంది. అక్కడ దిగిన ఆయిల్ ఇంజను వెనక గోడ మీదుగా జారి చాంబర్ దాకా వస్తుంది. మార్చడానికి ఖర్చూ తక్కువ, పనీ తక్కువ. తరువాత ఆయిల్ ఫిల్టర్ కుదురుగా కూర్చుందో లేదో, పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజనుకే అతుక్కుని ఉండగా దాని మీదే కొత్తది బిగించారో చూడాలి. ఆయిల్ ప్రెషర్ స్విచ్, డ్రెయిన్ బోల్టు కింది వాషరు ఆ తరువాత. పుల్లీ వెనక ఉండే క్రాంక్ ఆయిల్ సీల్ పోతే, తిరిగే పుల్లీ ఆయిల్‌ను చుట్టూ చిమ్ముతుంది కనుక ఆ వైపంతా వలయంలా తడిసి ఉంటుంది. ఇంజనూ గేర్ బాక్సూ కలిసే జాయింటు అడుగున మాత్రమే తడి ఉండి, పైనంతా పొడిగా ఉంటే క్రాంక్ రెండో చివర ఉండే వెనక సీలును అనుమానించాలి. దానికి గేర్ బాక్సు దింపక తప్పదు కనుక, అక్కడ పడేది ఇంజన్ ఆయిలో గేర్ ఆయిలో వాసన చూసి నిర్ధారించుకోకుండా ఆ పనికి ఒప్పుకోవద్దు.

కొత్త ప్యాకింగు వేసినా నెలకే మళ్లీ కారుతున్నదంటే ఇంకో కారణం కూడా ఉండవచ్చు. ఇంజను లోపల పుట్టే ఆవిరి, పొగ బయటికి పోవడానికి ఒక బ్రీదర్ గొట్టం ఉంటుంది. అది మసితో పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న సీలు దగ్గర ఆయిల్‌ను బయటికి తోస్తుంది. ఆ గొట్టం తీయించి శుభ్రం చేయించండి. అలాగే లీకు ఆగాలని చాంబర్ బోల్టులను బలంగా బిగిస్తే రేకు అంచు బోల్టుల దగ్గర గుంటపడి మధ్యలో లేస్తుంది. అప్పుడు ఎన్ని ప్యాకింగులు మార్చినా ప్రయోజనం ఉండదు. రెండుసార్లు విప్పిన చాంబర్ కనుక, మూడోసారి విప్పితే ఆ అంచును చదునైన బల్ల మీద పెట్టి చూడమని చెప్పండి.

ఒక హెచ్చరిక. ఇదంతా బానెట్ ఎత్తి పై నుంచి, నేల మీద అట్ట పెట్టి కింద నుంచి చూడవలసిన పని. జాకీ మీద మాత్రమే నిలిచిన కారు కిందికి తల పెట్టవద్దు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పేర్చి దూరడం ఇంకా ప్రమాదకరం; బరువు ఒక అంచు మీద పడితే అవి హెచ్చరిక లేకుండా పగులుతాయి. కింద చూడాలనిపిస్తే సెల్‌ఫోన్ లైటు వెలిగించి, వీడియో తీస్తూ కారు కిందికి చేయి చాచండి చాలు. అది చాలదనుకుంటే సర్వీసింగ్ సెంటరులో ర్యాంపు మీదకు ఎక్కించి చూడటం మేలు.

ఎంత పోతున్నదో లెక్క కూడా వేసుకోండి. పలుచని ద్రవం సుమారు 20 చుక్కలు పడితే ఒక మిల్లీలీటరు. నిమిషానికి ఒక చుక్క చొప్పున 8 గంటలు పడితే 24 మిల్లీలీటర్లు, నెలకు 720. ఆయిల్ చుక్కల కొలత కొంత తేడాగా ఉన్నా, చూడటానికి చిన్నదైన చుక్క నెల తిరిగేసరికి ఎంతవుతుందో అర్థమవుతుంది. అందుకే లీకు దొరికేవరకు వారానికి రెండుసార్లు, ఉదయం ఇంజను స్టార్టు చేయకముందే, డిప్‌స్టిక్ తీసి మట్టం చూసి రాసిపెట్టుకోండి. గచ్చు మీది మచ్చకు రంపపు పొట్టు గానీ ఊక గానీ చల్లి ఒక పూట ఉంచి ఊడ్చేయండి. ఆ ఊడ్చిన పొట్టును కాలువలో కలపవద్దు.

ప్రశ్న: శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. మా పాత కారులో కూలెంట్ పది రోజులకోసారి తగ్గుతోంది. ఇంటి దగ్గర నేల పొడిగానే ఉంటుంది. ఏసీ వేసుకుని తిరిగి వస్తే మాత్రం ఎడమవైపు ముందుభాగంలో నీళ్లు ధారగా పడుతున్నాయి. కూలెంట్ పోతున్నది అక్కడి నుంచేనా?

జవాబు: ఆ నీళ్లు ఏసీవే అయి ఉంటాయి. సముద్రానికి దగ్గరగా, గాలిలో తేమ ఎక్కువగా ఉండే మీ ఊళ్లో ఏసీ చాలా నీటిని వదులుతుంది. రంగు, జిడ్డు, వాసన లేకపోతే దాని గురించి మరచిపోవచ్చు. ఏసీ నడిచినా కింద నీళ్లు పడక కాళ్ల దగ్గరి పట్టా తడుస్తుంటేనే, ఏసీ నీళ్ల గొట్టం మూసుకుపోయిందని చింతించాలి.

ఇక కూలెంట్. వేడి ఇంజను మీద పడ్డ కూలెంట్ నేలకు చేరకముందే ఆవిరైపోతుంది కనుక నేల పొడిగా ఉండటం లీకు లేదనడానికి సాక్ష్యం కాదు. అయితే అది తన గుర్తును వదిలే పోతుంది. ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ గొట్టాల చివర్లలో, క్లిప్పుల కింద, వాటర్ పంపు అడుగున తెల్లగానో పచ్చగానో ఉప్పు పేరుకున్నట్టు కనిపిస్తే అదే చోటు. వాటర్ పంపుకు అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు పోయిందని చెప్పడానికే దాన్ని పెట్టారు, కాబట్టి అక్కడ తడి ఉంటే ఎంసీల్‌తో మూసే ఆలోచన చేయవద్దు. రేడియేటర్ మూత లోపలి రబ్బరు పగిలిందేమో కూడా చూడండి. వేడి ఇంజను మీద ఆ మూత తెరిస్తే మరిగే నీరు ముఖం మీదకే చిమ్ముతుంది.

బయట ఎక్కడా గుర్తు లేకుండా, కూలెంట్ సీసాలో బుడగలు వస్తూ, ఎండ వేళ కూడా సైలెన్సరు నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే హెడ్ ప్యాకింగ్ (ఇంజను పైభాగానికీ కింది దిమ్మెకూ మధ్య ఉండేది) సంగతి మెకానిక్కుతో మాట్లాడవలసిందే. తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోస్తున్నట్లయితే ఆపండి. ఆ లవణాలే లోపల పొరకట్టి రేడియేటరును తింటాయి. డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంటే పోయాలి. కూలెంట్ తియ్యగా ఉండి కుక్కలను, పిల్లులను ఆకర్షిస్తుంది. కొద్దిగా నాకినా వాటి ప్రాణం మీదకు వస్తుంది కనుక నేల మీద పడినది వెంటనే కడిగేయండి.

ప్రశ్న: మాది బొబ్బిలి. కారు వెనక ఎడమ చక్రం లోపలివైపు తడిగా ఉంది. బ్రేక్ ఆయిల్ కూడా డబ్బాలో కొంత తగ్గింది. వచ్చే వారం కుటుంబంతో సాలూరు మీదుగా కోరాపుట్ వెళ్లాలి. బ్రేకులు బాగానే పడుతున్నాయి. తిరిగి వచ్చాక చూపిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. దారిలోని ఘాట్ మాట అటుంచి, మెకానిక్కు షాపు దాకా కూడా ఆ కారును మీరు నడిపి తీసుకువెళ్లవద్దు. అతన్నే ఇంటికి రమ్మనండి. బ్రేక్ లైనింగులు అరిగినకొద్దీ డబ్బాలో మట్టం కొంత తగ్గడం సహజమే గానీ, దానితోపాటు చక్రం లోపలివైపు తడి కూడా ఉన్నదంటే ఆ చక్రం బ్రేకు డ్రమ్ములో లైనింగులను నొక్కే వీల్ సిలిండర్ కారుతున్నట్టే లెక్క. కారిన ద్రవంతో లైనింగు తడిస్తే ఆ చక్రం సరిగా పట్టదు. జోరుగా బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగుతుంది. ఇప్పుడు బ్రేకులు బాగా పడుతున్నాయన్నది ధైర్యానికి చాలదు. సాలూరు దాటి సుంకి వైపు ఎక్కి, తిరిగి దిగేటప్పుడు గంట సేపు బ్రేకు తొక్కుతూ ఉంటే ఆ సిలిండర్ మీద పడే భారం బొబ్బిలి బజారులో పడేది కాదు. ఆ దిగుడు మీద లారీల వాళ్లు గేరు మీదే బండిని ఆపుకుంటూ దిగడం మీరు చూసే ఉంటారు.

ఒక పక్క సిలిండర్ పోయిందంటే రెండో పక్కదీ అదే వయసుది కనుక రెండూ మార్పించండి. తడిసిన లైనింగులను తుడిచి మళ్లీ వేయనివ్వవద్దు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అలా నీరు కలిసినది దిగుడు మీద వేడికి మరిగి ఆవిరి బుడగలు కడితే పెడల్ మెత్తగా అడుగుకు పోతుంది. అందుకని పాతదంతా తీయించి, డబ్బా మూత మీద ఏ రకం రాసి ఉంటే అదే, సీలు విప్పని సీసా నుంచి పోయించి బ్రేకు గొట్టాలలోని గాలి తీయించండి. పెయింటు మీద పడితే ఊడగొడుతుంది, పడిన వెంటనే నీళ్లతో కడగాలి. పని పూర్తయ్యాక ఇంజను నడుస్తుండగా పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టండి. అది నెమ్మదిగా కిందికి దిగుతూ ఉంటే ఇంకెక్కడో కారుతున్నదనో, పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పోయాయనో అర్థం. అదీ తేలేవరకు కోరాపుట్‌కు బస్సులో వెళ్లండి.