సొంతవాళ్ల దురభిప్రాయాన్ని కాదని జాతి న్యాయం కోసం నిలబడిన శ్వేతజాతీయులు అమెరికాలో ఉన్నారా?

ఉన్నారు. నాకు ముందుగా గుర్తొచ్చేది దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌కు చెందిన ఫెడరల్ న్యాయమూర్తి జె. వేటీస్ వేరింగ్. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది పక్షపు (కాన్ఫెడరేట్) సైనికుడి కొడుకు ఆయన. అరవయ్యేళ్లు దాటేదాకా ఊరి పెద్దల్లో ఒకడిగానే బతికాడు.

ఆయన్ని కదిలించింది 1946 నాటి ఒక కేసు. సైన్యం నుంచి విడుదలై, యూనిఫాం కూడా విప్పకుండా బస్సులో ఇంటికి వెళ్తున్న నల్లజాతి సైనికుడు ఐజక్ వుడార్డ్‌ను ఒక పోలీసు అధికారి చితకబాదాడు. రెండు కళ్లూ పోయాయి. వేరింగ్ కోర్టులో అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ అరగంటలోపే ఆ అధికారిని నిర్దోషిగా వదిలేసింది.

మరుసటి ఏడే, డెమొక్రాటిక్ పార్టీ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) నల్లజాతివారికి ఓటు ఇవ్వాల్సిందేనని వేరింగ్ తీర్పిచ్చాడు. ఊరు ఆయన్ని వెలివేసింది. (విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకున్నాడన్న కోపమూ అందులో కలిసింది, అంతా తీర్పుల పుణ్యమే అనలేం.) 1950లో ఆయన ఇంటి ముందు శిలువ తగలబెట్టారు, అది తెల్లజాతి దురహంకారులు బెదిరించే పద్ధతి. ఒక రాత్రి భార్యతో పేకాడుతుంటే కిటికీలోంచి ఇటుక వచ్చి పడింది.

అయినా 1951లో, తెల్ల, నల్ల పిల్లలకు వేర్వేరు పాఠశాలలు ఉండటంపై వచ్చిన కేసులో ఇద్దరు సహ న్యాయమూర్తులతో విభేదించి, వేరుచేయడమే అసమానత అని రాశాడు. 1954లో, పాఠశాలల్లో జాతుల వేర్పాటు చెల్లదన్న సుప్రీంకోర్టు బ్రౌన్ తీర్పు అదే దారిలో నడిచింది. అప్పటికే ఆయన పదవి వదిలి న్యూయార్క్ వెళ్లిపోయాడు. 1968లో చార్ల్‌స్టన్‌లో జరిగిన అంత్యక్రియలకు వచ్చినవారిలో అత్యధికులు నల్లజాతివారే. 2015లో అక్కడి ఫెడరల్ కోర్టు భవనానికి ఆయన పేరు పెట్టారు.