నేల మీంచి లేవడానికి చేయి ఆసరా కావాలా?

మీ ప్రశ్న – మా జవాబు: పెద్ద వయసు ఆరోగ్యం

జుట్టు నెరవడం గురించీ కళ్ల కింద ముడతల గురించీ వచ్చిన ఉత్తరాలను ఈసారి పక్కన పెట్టాం. జుట్టు ఎప్పుడు నెరుస్తుందన్నది చాలావరకు వంశాన్ని బట్టి ఉంటుంది. ముడతలు ఎండను బట్టి, పొగతాగే అలవాటును బట్టి వస్తాయి. ఒంట్లో కండ ఎంత మిగిలిందో, ఎముక ఎంత గట్టిగా ఉందో అద్దంలో కనబడదు. లేచేటప్పుడు, నడిచేటప్పుడు, మాట వినేటప్పుడు బయటపడుతుంది. అలాంటి సంగతులు గమనించి రాసినవారికే ఈ జవాబులు.

నా వయసు 57. పూజ దగ్గర పీట మీద కూర్చుంటే లేవడానికి గోడో మంచమో పట్టుకోవాల్సి వస్తోంది. మోకాళ్ల నొప్పి లేదు. షుగరు, బీపీ లేవు. రోజూ అరగంట నడుస్తాను. బరువు పదేళ్లుగా 62 కిలోలే. మరి ఇదేమిటి?
— ఒక పాఠకురాలు, తణుకు

బరువు మారలేదన్న ధీమాయే అసలు సంగతిని కప్పేస్తోంది. ముప్ఫై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం చొప్పున కండ తగ్గుతూ వస్తుంది, అరవై దాటాక ఇంకా వేగంగా. పోయిన కండ చోట కొవ్వు చేరితే కాటా ముల్లు కదలదు. పైగా ముందుగా చిక్కిపోయేవి ఒక్కసారిగా బలం పుట్టించే కండర పోగులు. పీట మీంచి లేవాలన్నా, కాలు జారినప్పుడు తమాయించుకోవాలన్నా పనికొచ్చేవి అవే. చదును రోడ్డు మీద నడకకు వాటితో పెద్దగా పని పడదు. అందుకే రోజూ నడిచేవాళ్లకూ ఈ ఇబ్బంది వస్తుంది. నడక మానకండి, గుండెకు అది కావాలి. తొడలకు మాత్రం అది చాలదు.

ఇంట్లోనే రెండు కొలతలు తీసుకోండి. మామూలు కుర్చీని గోడకు ఆనించి వేసి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఆగకుండా ఐదుసార్లు లేచి కూర్చోండి. పక్కన ఎవరినైనా ఫోనులో సెకన్లు చూడమనండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే కాళ్లలో బలం తగ్గినట్టు లెక్క. రెండోది టైలరు టేపుతో పిక్క చుట్టుకొలత. కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, పిక్క బాగా లావుగా ఉన్నచోట టేపును బిగించకుండా చుట్టండి. ఆడవాళ్లకు 33, మగవాళ్లకు 34 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే కండ తగ్గిందేమోనని అనుమానించాలి. ఈ అంకెలు ఆసియా దేశాల వైద్యనిపుణులు 2019లో మనలాంటి ఒడ్డూపొడుగూ ఉన్నవాళ్ల కోసం నిర్ణయించినవి. కాళ్లకు వాపు ఉంటే మాత్రం పిక్క కొలతను నమ్మకండి.

దీనికి మందు కూడా ఆ కుర్చీయే. దాని మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచుకోండి. చేతులు వాడకుండా లేవండి. కూర్చునేటప్పుడు మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుంటూ నెమ్మదిగా దిగండి. పదిసార్లు ఒక విడత, రెండు నిమిషాల విరామం, అలా మూడు విడతలు, వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. ఆఖరి విడతలో చివరి రెండు మూడు సార్లు కష్టపడి లేవాలి. సునాయాసంగా అయిపోతే కండ పెరగదు. తేలికైన కొద్దీ దిండు తీసేయండి, తర్వాత స్టూలు, ఆ తర్వాత ఎత్తుపీట.

చాలామంది చేసే పొరపాటు చివర్లో ధబ్బున కూలబడటం. బరువును ఆపుకుంటూ దిగడమూ కండకు పనే, అది పోతే సగం వ్యాయామం పోయినట్టే. మోకాళ్లు లోపలికి వాలుతుంటే పాదాలు ఇంకాస్త ఎడంగా పెట్టండి. ఊపిరి బిగబడితే బీపీ ఎగుస్తుంది, లేస్తున్నప్పుడు గాలి వదలండి. మోకాలి నొప్పి మొదలై మర్నాటికీ తగ్గకపోతే మళ్లీ ఎత్తు సీటుకు వెళ్లండి. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.

తిండి సరిగా లేకపోతే ఈ శ్రమ వృథా. మీ బరువుకు రోజుకు 62 నుంచి 75 గ్రాముల దాకా మాంసకృత్తులు కావాలి. రెండిడ్లీ, చారన్నం, పెరుగన్నంతో గడిచే రోజున అందులో సగం అందడం కూడా కష్టమే. గుడ్డుకు 6 గ్రాములు, గ్లాసు పాలకు (200 మిల్లీలీటర్లు) 6, గుప్పెడు వేరుశెనగలకు (30 గ్రాములు) 7, 50 గ్రాముల పెసలతో పోసుకున్న పెసరట్లకు 12, వండిన చికెన్ 100 గ్రాములకు 25 చొప్పున లెక్క వేసుకుని మూడు పూటలకూ పంచుకోండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఇలా పెంచకూడదు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వయసు వల్ల వచ్చే బలహీనత ఏళ్ల తరబడి వస్తుంది, రెండు కాళ్లకూ వస్తుంది. వారాల్లో వచ్చినా, ఒక కాలికే వచ్చినా, ఆరు నెలల్లో మూడు కిలోలు వాటంతటవే తగ్గినా దాన్ని వయసు ఖాతాలో వేయకండి. థైరాయిడ్, షుగరు, విటమిన్ డి, బీ12 పరీక్షలు చేయించండి. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్ర వేసుకుంటుంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి. కొందరిలో అది తొడ కండరాలను నీరసింపజేస్తుంది. మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి.

మా అత్తమ్మకు 68 ఏండ్లు. కూరల్లో ఉప్పు ఎక్కువేస్తోంది, అడిగితే చప్పగా ఉందంటది. మొన్న పొయ్యి మీద పాలు మాడిపోతున్నా పక్క గదిలో ఉండి గమనించలేదు. మతిమరుపు మొదలైందా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

మతిమరుపు కన్నా ముందు ముక్కును అనుమానించండి. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే. అరవై దాటాక వాసన పట్టే శక్తి మెల్లగా సన్నగిల్లుతుంది. అది తెలియక, కూరే చప్పగా ఉందనుకుని ఉప్పు వేస్తారు.

పరీక్ష సులువు. ఆమెను కళ్లు మూసుకోమని, ఒక ముక్కు రంధ్రం మూసి, రెండో దాని దగ్గర కాఫీపొడి పెట్టండి. తర్వాత నలిపిన కరివేపాకు, ఒంటి సబ్బు. రెండు వైపులా విడివిడిగా చూడండి. కర్పూరం, అమృతాంజనం లాంటి ఘాటైనవి వాడొద్దు. వాటి మంట, చల్లదనం ముక్కులోని వేరే నరానికి తెలుస్తాయి కాబట్టి వాసన పూర్తిగా పోయినవాళ్లు కూడా గుర్తుపట్టేస్తారు.

ఏదీ గుర్తుపట్టలేకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. జలుబు చేశాక, తలకు దెబ్బ తగిలాక వాసన ఒక్కసారిగా పోవడం వేరు. నెమ్మదిగా పోతూ, దాంతోపాటు చేయి వణకడమో, వంట క్రమం తప్పడమో, తెలిసిన దారి మరిచిపోవడమో ఉంటే న్యూరాలజిస్టును (మెదడు, నరాల డాక్టరును) కలవాలి. పార్కిన్‌సన్స్, అల్జీమర్స్ జబ్బులు కొందరిలో వాసన తగ్గడంతోనే మొదలవుతాయి.

ఈలోపు గ్యాస్ సంగతి చూడండి, ఇది ఆలస్యం చేయకూడని పని. వంటగ్యాస్‌కు సహజంగా వాసన లేదు, లీకయితే తెలియాలని కలిపిన ఘాటు వాసన అది. మీ అత్తమ్మకు అదీ అందకపోవచ్చు. గ్యాస్ డిటెక్టర్ కొని, నేలకు ఒక అడుగు ఎత్తులో బిగించండి. వంటగ్యాస్ గాలికన్నా బరువు, కిందే పరుచుకుంటుంది కాబట్టి పైన బిగిస్తే లాభం లేదు. రాత్రిపూట రెగ్యులేటర్ కట్టేయండి. మిగిలిన కూరలు పాడయ్యాయో లేదో వాసన చూసి తేల్చే పని ఆమెకు అప్పగించకండి.

ఉప్పు మనిషికి రోజుకు ఒక టీస్పూను (5 గ్రాములు) దాటకూడదు. కూరకు నిమ్మరసం, వేయించిన జీలకర్ర పొడి, కొత్తిమీర తోడైతే చప్పదనం తగ్గుతుంది. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీకి టెల్మిసార్టాన్ లాంటివి వేసుకునేవాళ్లు డాక్టరును అడగందే వాడకూడదు.

మా వారికి 64. నేను గొణుగుతున్నానంటారు, గట్టిగా చెబితే అరుస్తున్నానంటారు. టీవీ సౌండు ఇల్లంతా వినిపిస్తుంది. చెవిటితనమైతే అరుపు ఎందుకు ఇబ్బంది పెడుతుంది?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

వయసుతో ముందు తగ్గేది సన్నని, పైస్థాయి శబ్దాల వినికిడి. అచ్చులు గట్టిగానే వినిపిస్తాయి, స, త, ప, చ లాంటి హల్లులు జారిపోతాయి. కాలు, పాలు, చాలు, తాలు అన్నీ ఆయన చెవికి ‘ఆలు’ లాగే చేరతాయి. శబ్దం అందుతోంది, మాట అందడం లేదు. అందుకే మీరు గొణుగుతున్నట్టు అనిపిస్తుంది. మీరు అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, హల్లులు తేటపడవు. దెబ్బతిన్న లోపలి చెవికి పెద్ద శబ్దం భరించరానిదిగా కూడా ఉంటుంది.

ఎదురుగా, ముఖం కనబడేలా నిలబడి, గొంతు పెంచకుండా నిదానంగా చెప్పండి. వంటింట్లోంచి కేకేయకండి. ముందు చెవిలో గులిమి ఉందేమో డాక్టరుతో చూపించి, తర్వాత ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి. ఇయర్‌బడ్‌లు గులిమిని లోపలికి నెడతాయి, వేడి నూనె చర్మాన్ని కాలుస్తుంది, రెండూ వద్దు. హియరింగ్ ఎయిడ్ ఇస్తే మొదట్లో గిన్నెల చప్పుడు కూడా చిరాకు పెడుతుంది. రోజుకు రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే కొన్ని వారాల్లో మెదడు సర్దుకుంటుంది. మొదటి వారంలోనే డబ్బాలో పెట్టేసినవాళ్లకే అది పనిచేయలేదనిపిస్తుంది.

ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోతే అది వయసు కాదు. ఆ రోజో మర్నాడో ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లాలి, మందుకు ఫలితం తొలి రోజుల్లోనే ఎక్కువ.

నాకు 66. ఏళ్లుగా కడుతున్న పాత లంగాలే, బొందు అదే చోట కడుతున్నా, ఈ మధ్య అంచు నేలకు రాస్తోంది. కుచ్చిళ్లు కాలికింద పడుతున్నాయి. నడుము నొప్పి అప్పుడప్పుడు. పట్టించుకోవాలా?
— ఒక పాఠకురాలు, నంద్యాల

తప్పకుండా పట్టించుకోవాలి. లంగా సాగలేదు, మీరు పొట్టి అయి ఉంటారు. నలభై దాటాక పదేళ్లకు ఒక సెంటీమీటరు దాకా ఎత్తు తగ్గడం మామూలే, వెన్నుపూసల మధ్య డిస్కులు పలచబడతాయి. పడుచు వయసులోని ఎత్తు కన్నా 4 సెంటీమీటర్లు తగ్గినా, ఒకటి రెండేళ్లలోనే 2 సెంటీమీటర్లు తగ్గినా వెన్నుపూస అణిగిందేమో చూడాలి. చాలామందికి అది అణిగినప్పుడు నొప్పి తెలియదు, తెలిసినా నడుము పట్టిందనుకుంటారు.

పొద్దున్నే, చెప్పుల్లేకుండా, మడమలు గోడకు ఆనించి నిలబడి, తల మీద అట్టపుస్తకం అడ్డంగా పెట్టించి గుర్తు గీయించుకోండి. సాయంత్రానికి ఎత్తు కాస్త తగ్గుతుంది కాబట్టి ఎప్పుడు కొలిచినా పొద్దునే కొలవాలి. అలా నిలబడినప్పుడు తల వెనుక భాగం గోడకు తగలకపోతే వీపు వంగినట్టు. పక్కటెముకల కింది అంచుకూ తుంటి ఎముక పై అంచుకూ మధ్య వేళ్లు అడ్డంగా పెట్టి చూడండి. రెండు వేళ్లకు మించి పట్టకపోతే నడుము ఎముకలు అణిగి ఉండొచ్చు.

వెన్నుకు పక్క నుంచి తీసే ఎక్స్‌రే, ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ అడగండి. ఆ స్కాన్‌లో వచ్చే టీ-స్కోరు మైనస్ 2.5, అంతకన్నా కిందికి ఉంటే ఎముకలు గుల్లబారినట్టు. ఎక్స్‌రేలో పూస అణిగి కనబడితే స్కోరు ఎంతున్నా మందు గురించి మాట్లాడాలి. క్యాల్షియం మాత్రతోనే సరిపెట్టుకోకండి. పరీక్షలు అయ్యేదాకా వంగి నీళ్ల బిందె ఎత్తడం, ముందుకు వంగి కాలివేళ్లు అందుకునే ఆసనాలు ఆపండి. అణిగిన పూస మీద ముందువైపు భారం పడేది అప్పుడే.

ముంజేతుల మీద దెబ్బ తగలకుండానే ఊదా రంగు మచ్చలు వస్తున్నాయి, రెండు మూడు వారాల్లో పోతాయి. గోళ్ల మీద నిలువు గీతలు కూడా. వయసు 72, ఆస్పిరిన్ వాడుతున్నాను.
— ఒక పాఠకుడు, నల్గొండ

ఎండకు చర్మం పలచబడి, సన్న రక్తనాళాలకు ఊతం తగ్గి, చిన్న రాపిడికే చిట్లుతున్నాయి. ఆస్పిరిన్ దాన్ని పెంచుతుంది. అయినా మాత్ర ఆపకండి, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, మచ్చలు కాళ్లకూ పొట్టకూ పాకినా రక్తపరీక్ష చేయించాలి. గోళ్ల నిలువు గీతలు వయసువే. అడ్డంగా గాడి పడితే రెండు మూడు నెలల కిందట వచ్చిన పెద్ద జ్వరం గుర్తు. గోరు చెంచాలా గుంటపడితే రక్తంలో ఐరన్ తగ్గిందేమో పరీక్ష చేయించుకోండి.

మా నాన్నగారు ఊళ్లో ఉంటారు, 74 ఏళ్లు. వీడియో కాల్‌లో చూస్తే నడక బాగా నెమ్మదించింది. రాత్రి బాత్రూముకు లేస్తే కళ్లు తిరుగుతున్నాయట. వయసే కదా అంటారు. ఇంత దూరం నుంచి ఏం చూడాలి?
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

అమ్మగారితో ఇంట్లో ఆరు మీటర్ల దూరం రెండు గీతలతో గుర్తు పెట్టించండి. గీతకు కాస్త ముందు నుంచే మామూలు వేగంతో నడవమనండి. ఆరు సెకన్లు దాటితే నెమ్మదించినట్టే. ఫోనుతో ఎదురు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి వీడియో తీయించండి, వెనక్కి తిరిగేది తప్పక ఉండాలి.

వీడియోలో అంకె కన్నా తీరు చూడండి. రెండు చేతులూ సమానంగా ఊగుతున్నాయా? ఒక చెయ్యి ఊగకుండా ఒంటికి అంటుకుని ఉంటే, తిరగడానికి నాలుగైదు చిన్న అడుగులు పడుతుంటే, సంతకం మునుపటికన్నా చిన్నదైతే న్యూరాలజిస్టుకు చూపించాలి. పాదాలు నేలకు అతుక్కున్నట్టు నడుస్తూ, మూత్రం ఆగక, మతిమరుపు కూడా ఉంటే మెదడులో నీరు చేరిందేమో స్కాన్‌లో చూస్తారు. అది ఆపరేషన్‌తో మెరుగయ్యే జబ్బు.

రాత్రి కళ్లు తిరగడానికి బీపీ చూడాలి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డ నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఒకసారి కొలిపించండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే లేవగానే తలకు రక్తం చాలడం లేదన్నమాట. ఆయన ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ లాంటి మాత్ర, బీపీ మాత్ర, నిద్రమాత్ర కలిపి వాడుతున్నారేమో అడగండి. మాత్రల స్ట్రిప్పులన్నీ ఫోటో తీయించి ఒకే డాక్టరుకు చూపించండి, వేళలు మార్చినా చాలాసార్లు సర్దుకుంటుంది. రాత్రి లేచినప్పుడు మంచం అంచున కూర్చుని, పాదాలు ఇరవైసార్లు పైకీ కిందికీ ఆడించి, ఒక నిమిషం ఆగి నిలబడమనండి. పెద్దవాళ్లకు దాహం కూడా సరిగా తెలియదు కాబట్టి పగలు వేళ ప్రకారం నీళ్లు తాగాలి, గుండె, కిడ్నీ జబ్బులుంటే ఎంత తాగాలో డాక్టరును అడిగి. మంచం నుంచి బాత్రూము దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బు, బాత్రూములో పట్టుకోవడానికి గోడకు స్టీలు రాడ్డు, వెనక పట్టీ ఉన్న చెప్పులు ఈ వారంలోనే ఏర్పాటు చేయించండి.