గ్యాస్ గీజర్ టక్ టక్ అంటోంది, వెలగట్లేదు

అన్నా, హన్మకొండలో ఈ చలికి పొద్దున పూట మీ గ్యాస్ గీజర్ టక్ టక్ అంటోందే తప్ప వెలగట్లేదని, సెల్స్ మార్చినా అంతేనని రాశారు. చప్పుడు వస్తోందంటే నీళ్ల ప్రెషర్ సరిపోతున్నట్టే. అది చాలకపోతే స్పార్కే రాదు. కాబట్టి గ్యాస్ వైపు చూడండి. సిలిండర్ అడుగంటిందేమో. మన ఎల్పీజీలో ప్రొపేన్‌తో పాటు బ్యూటేన్ కూడా ఉంటుంది. చలికి బ్యూటేన్ త్వరగా ఆవిరి కాదు, అందుకే పొద్దున ప్రెషర్ తగ్గి, ఎండెక్కాక బాగానే వెలుగుతుంది. అలాగని సిలిండర్‌ను వేడినీళ్లలో పెట్టడం లాంటివి అస్సలు చేయకండి.

మంట వచ్చి రెండు మూడు సెకన్లకే ఆరిపోతుంటే సంగతి వేరు. బర్నర్ పక్కనుండే సన్నటి సెన్సర్ కడ్డీకి మసి పట్టి ఉంటుంది. మంట ఉన్నా దానికి తెలియదు, వాల్వ్ గ్యాస్ ఆపేస్తుంది. మెకానిక్‌తో శుభ్రం చేయించండి.

గీజర్ బాత్రూం లోపల ఉంటే మాత్రం ముందు బయటికి మార్పించండి, దయచేసి. గ్యాస్ మండేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, ప్రాణాలు తీస్తుంది. వెలగనప్పుడు మళ్లీ మళ్లీ కుళాయి తిప్పకండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు ముట్టకుండా రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి గ్యాస్ లీక్ హెల్ప్‌లైన్ 1906కు ఫోన్ చేయండి.