2007 ఎన్నికల తర్వాత కెన్యాలో ప్రత్యక్ష ప్రసారాలను ఎందుకు నిషేధించారు?
2007 డిసెంబరు 27న జరిగిన అధ్యక్ష ఎన్నికల లెక్కింపులో మొదట ప్రతిపక్ష నేత రైలా ఒడింగా ఆధిక్యంలో ఉండగా, 30న అప్పటి అధ్యక్షుడు మ్వాయ్ కిబాకి గెలిచినట్టు ప్రకటించి, ఆ సాయంత్రమే హడావిడిగా ప్రమాణస్వీకారం జరిపించడంతో అల్లర్లు చెలరేగాయి. ప్రజాభద్రత పేరిట ప్రభుత్వం అదే రోజు ప్రత్యక్ష ప్రసారాలను నిషేధించింది. హింస మాత్రం ఆగలేదు. 1,100 మందికి పైగా మరణించారు, లక్షల మంది నిరాశ్రయులయ్యారు.

పత్రికలు శాంతి విజ్ఞప్తులకు పెద్దపీట వేసి, ఓట్ల లెక్కల్లోని తేడాలను తగినంతగా నిలదీయలేదన్న విమర్శ ఉంది. అది నాకు సబబుగానే తోస్తుంది. స్థానిక భాషల రేడియోలపై విద్వేష ప్రచార ఆరోపణలు వచ్చాయి; అంతర్జాతీయ నేర న్యాయస్థానం దాకా వెళ్లిన ఒక రేడియో వ్యాఖ్యాత కేసు, తగిన సాక్ష్యం లేదంటూ 2016లో ముగిసింది. అసలు విజేత ఎవరో తేల్చడం అసాధ్యమని ఆ ఎన్నికలపై వేసిన క్రీగ్లర్ విచారణ సంఘం 2008లోనే చెప్పింది.