కోప్పడితే నవ్వుతోందంటే ముఖం అర్థం కాలేదనేనా?

మీ పాపకి ఐదేళ్లు, డౌన్ సిండ్రోమ్ ఉంది, మీరు కోప్పడుతుంటే నవ్వుతోంది, ముఖంలో భావాలు తనకి తెలియవేమోనని అడిగారు. అప్పుడే ఆ మాట అనుకోకండి. మా బాబుకీ డౌన్ సిండ్రోమే, ఇప్పుడు పన్నెండేళ్లు.

తెలిసినవాళ్లని వాడు ఎంత దూరంనుంచైనా గుర్తుపడతాడు. ముక్కూమొహం తెలియనివాళ్ల ఫోటోలు రెండు చూపించి "ఇద్దరూ ఒకరేనా?" అంటే మాత్రం తడబడతాడు. భావాల్లో సంతోషం ఇట్టే పట్టేస్తాడు, చిక్కంతా భయం దగ్గరే. ఈ పిల్లలతో చేసిన కొన్ని పరిశోధనల్లోనూ భయాన్ని గుర్తించడమే ఎక్కువ కష్టమని తేలింది. భయపడినా ఆశ్చర్యపోయినా కళ్లు పెద్దవవుతాయి, నోరు తెరుచుకుంటుంది. తక్కిన చిన్నపిల్లలు కూడా ఈ రెంటిలో ఒకదాన్ని చూసి మరొకటి అనుకుంటారు.

ఒకసారి మా అమ్మ వేలు తలుపు సందులో నలిగింది. ఆవిడ అరవలేదు, పెదవి బిగబట్టి నిలబడిందంతే. వీడు వెళ్లి ఆ చెయ్యి పట్టుకుని వేలు మీద ఊదాడు. అదే పిల్లాడు థెరపీలో ఏడుపు ముఖం కార్డు చూపించి "ఇదేంటి?" అంటే నోరు విప్పడు. స్పీచ్ థెరపిస్ట్ ప్రశ్న మార్చారు. నాలుగు కార్డులు పరిచి "బాధపడుతున్నది ఎవరు?" అన్నారు. వెంటనే వేలు పెట్టి చూపించాడు. ఈ పిల్లల్లో చాలామందికి అర్థమైనంత పైకి చెప్పడం రాదు. అందుకే పాపని పేరు చెప్పమనకుండా, చూపించమని అడిగి చూడండి.

దానికన్నా ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి, ఇది మాత్రం వాయిదా వేయకండి. దగ్గరివి మసకగా కనబడటం వీళ్లలో చాలా ఎక్కువ, కొందరికి బైఫోకల్ అద్దాలు (దూరానికీ దగ్గరికీ రెండు పవర్లు ఉండేవి) పెడతారు. కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి తగ్గడమూ మామూలే. గొంతులో కోపం సరిగా వినబడకపోతే ఒక్క ముఖం చూసి పాప ఎంతని పోల్చుకుంటుంది?

ఇక నవ్వు సంగతి. టెన్షన్‌లో నవ్వే పిల్లలున్నారు, మీరు తనవైపు చూశారన్న సంబరంతో నవ్వేవాళ్లూ ఉన్నారు. కోపం వచ్చినప్పుడు తన ఎత్తుకి వంగి, నవ్వు కలవని ముఖంతో "అమ్మకి కోపం వచ్చింది" అని ఒక్కసారి నెమ్మదిగా చెప్పి ఆగండి. బొమ్మల ముఖాలకన్నా ఇంట్లోవాళ్ల ఫోటోలతోనే మావాడు త్వరగా నేర్చుకున్నాడు.

పాప అసలు ముఖాల వైపే చూడకపోయినా, మీరు వేలితో చూపించినవైపు తిరగకపోయినా పిల్లల డాక్టరుకి తప్పకుండా చెప్పండి. డౌన్ సిండ్రోమ్‌తోపాటు ఆటిజం కూడా ఉన్న పిల్లలు కొందరుంటారు, వాళ్లకి నేర్పే పద్ధతి వేరు.