కౌన్సెలింగ్‌తో మనసు తేలికవుతోంది, భయం మాత్రం పోవడం లేదు

ప్రశ్న: నా వయసు 34. ఏడు నెలలుగా ఉన్నట్టుండి గుండెదడ, ఊపిరాడకపోవడం, చనిపోతానేమోనన్న భయం వస్తున్నాయి. గుండె పరీక్షల్లో ఏమీ తేలలేదు. పానిక్ అటాక్ అన్నారు. లిఫ్టు, బస్సు ఎక్కడం మానేశాను. ఆరు వారాలుగా కౌన్సెలింగ్‌కు వెళ్తున్నాను. కౌన్సెలర్ ఓపికగా వింటారు. మనసు తేలికపడుతుంది గానీ భయం తగ్గలేదు. ఇదే సమస్యతో బాధపడిన నా స్నేహితురాలికి ప్రతి వారం ఇంటి దగ్గర సాధన చేయమని చెప్పేవారట. నేను చికిత్స మార్చుకోవాలా?

జవాబు: ఆరు వారాలు వృథా అయ్యాయని దయచేసి అనుకోకండి. మీరు చెప్పినదాన్ని బట్టి మీ కౌన్సెలర్ పద్ధతి, 1940లలో అమెరికన్ సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ రూపుదిద్దిన పద్ధతికి దగ్గరగా ఉంది. తప్పొప్పులు ఎంచకుండా వినేవారుంటే మనిషి తన దారి తానే వెతుక్కుంటాడని దాని నమ్మకం. ఆప్తులను పోగొట్టుకున్నవారికి, ఎటూ తేల్చుకోలేక నలిగిపోతున్నవారికి అది గొప్ప ఆసరా. చిన్ననాటి గాయాలు నేటి సంబంధాల్లో పదే పదే తలెత్తుతుంటే, మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ బాట నుంచి ఎదిగిన సైకోడైనమిక్ చికిత్స (మనసు లోతుల్లోని పాత అనుభవాలను తరచి చూసే పద్ధతి) ఉపయోగపడవచ్చు.

పానిక్ సంగతి వేరు. దడ రాగానే ‘ఇది గుండెపోటే’ అనిపిస్తుంది. ఆ భయంతో దడ ఇంకా పెరుగుతుంది. లిఫ్టు మానేసిన ప్రతిసారీ ‘ఎక్కలేదు కాబట్టే బయటపడ్డాను’ అని మెదడు పాఠం నేర్చుకుంటుంది. ఈ ముడి మాటలతోనే విడిపోవడం కష్టం. అందుకే మీకు నేను సూచించేది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ), అంటే ఆలోచనలను, ప్రవర్తనను సాధనతో మార్చుకునే చికిత్స. 1960లలో అమెరికన్ సైకియాట్రిస్టు ఆరన్ బెక్ డిప్రెషన్ కోసం మొదలుపెట్టిన ఈ తరహా చికిత్సకు పానిక్ విషయంలోనూ బలమైన ఆధారాలున్నాయి. ఇందులో థెరపిస్టు సమక్షంలో వేగంగా ఊపిరి తీసి, కావాలనే ఆ దడను తెప్పించుకుంటారు. వినగానే బెదురు పుట్టడం సహజం. కానీ దడ వచ్చి, దానంతటదే తగ్గి, ఏమీ కాలేదని స్వయంగా చూసినప్పుడు కలిగే ధైర్యం ఎన్ని ఓదార్పు మాటలకూ రాదు. ఆ తర్వాత లిఫ్టులో ఒక అంతస్తు, మరోసారి రెండు... సాధారణంగా 10 నుంచి 15 సిట్టింగులు పడతాయి. వేగంగా ఊపిరి తీసే సాధన ఉంటుంది కాబట్టి, ఉబ్బసం లేదా గర్భం ఉంటే థెరపిస్టుకు ముందే చెప్పండి.

కౌన్సెలర్‌కు చెప్పకుండా మానేయకండి. ‘మీకు పానిక్‌కు సీబీటీ చేసే శిక్షణ ఉందా?’ అని సూటిగా అడగండి. మంచి కౌన్సెలర్ నొచ్చుకోరు, శిక్షణ లేకపోతే తగినవారి దగ్గరికి పంపిస్తారు. పానిక్ అటాక్‌లు మరీ తరచుగా వస్తుంటే సైకియాట్రిస్టు మందులు కూడా జతచేయవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఈలోగా భయంతో మానేసిన పనులన్నీ కాగితం మీద రాసి, ఒక్కొక్కదానికి 0 నుంచి 100 వరకు భయం మార్కులు వేయండి. సీబీటీ మొదటి సిట్టింగుకు ఆ కాగితం తీసుకెళ్లండి.